అక్షరార్థమును సెలోపెహాదు కుమార్తెలును



గత వర్షకాలమందు మా నార్సింగి సంఘములో ఒక తగవు పుట్టినది. దానికి కారణము ఒక బండ.

నార్సింగి అనగానే మీలో ఆ వైపు వచ్చినవారికి వలయ రహదారియు, దాని ప్రక్కన లేచిన ముప్పది నలువది అంతస్తుల మేడలును జ్ఞాపకము వచ్చును. ఒక తరము క్రిందట అది గండిపేట చెరువునకు దిగువను, మూసీ దాపున నున్న పల్లెటూరు. వరియు కూరగాయలును పండెడి నేల. నేడు ఆ పాత కుటుంబములవారును, కంప్యూటరు కొలువులకై దూరపు జిల్లాలనుండి వచ్చి అద్దె గదులలో నుండు యౌవనులును మా మందిరములో ఒకే చాపమీద కూర్చుందురు. కీర్తనలు పాడునప్పుడు రెండు యాసలు వినబడును. ఇంతవరకు దానివలన మాకు సంతోషమే గాని చిక్కు కలుగలేదు.

మందిరమునకు కొద్ది దూరములో ఒక మేడ పునాదులకొరకు పెద్ద గుండును తొలుచుచుండిరి. ఒక ఆదివారము ఆ మోతకు కిటికీ రెక్కలు అదరుచుండగా, సండేస్కూలులో ఒక బాలుడు లేచి, ఈ బండను దేవుడు ఎప్పుడు చేసెనని అడిగెను. పాఠము చెప్పుచున్న యౌవనుడు కొలువు చేసికొనుచు, వారమునకు మిగిలిన ఆ ఒక్క ఉదయమును పిల్లలకిచ్చు భక్తిపరుడు. అతడు ఏమియు దాచక, "ఈ చుట్టుపట్ల గ్రానైటు బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. దేవుడు తొందరపడువాడు కాడు" అని చెప్పెను. ఆ బాలుడు మా సంఘపెద్ద మనుమడు.

ఆ సాయంకాలమే పెద్దగారు బైబిలును, దానితోకూడ ఒక పటమును పట్టుకొని మా యింటికి వచ్చిరి. "అయ్యగారూ, ఆరు దినములని వ్రాసి ఉన్నది. ఆరు దినములంటే ఆరు దినములే. ఒక్క మాట వదిలితే అన్నీ వదిలినట్లే. ఆ అబ్బాయిని సండేస్కూలునుండి తీసివేయండి" అనిరి.

ఆయన భయమును నేను తేలికగా తీసికొనను. ఆయన తండ్రి పగలంతయు పరుల పొలములో పనిచేసి, రాత్రిబడిలో దీపము ముందు కూర్చుండి, బైబిలు పుటలమీదనే అ, ఆ లు దిద్దుకొన్నవాడు. మన పూర్వికులలో అనేకులకు అక్షరము ఎవరును ఇయ్యలేదు. విననియ్యలేదు, తాకనియ్యలేదు. చివరకు అది వారి చేతికి వచ్చినప్పుడు దేవుని వాక్యముతో కలిసి వచ్చినది. అట్టివారి కుమారునితో 'అక్షరమును అంత గట్టిగా పట్టుకొనవద్దు' అని నావంటి చదువుకొన్నవాడు చెప్పుట సులభము; వినుట ఆయనకు సులభము కాదు. ఒక్క మాట జారిన, తక్కినవన్నియు జారి, మరల చేతిలో ఏమియు లేనివాడగుదునేమో అని ఆయన హృదయములోని దిగులు.

అయినను ఆయన తెచ్చిన పటమును చూచి నాకు నవ్వు ఆగినది కాదు. ఆదామునుండి నేటివరకు ఆరువేల యేండ్లని దానిలో గీతలు గీసియున్నవి. ఆ లెక్క బైబిలులో ఎక్కడను లేదు. 1650లో ఐర్లండు దేశపు ప్రధాన బిషప్పు జేమ్సు అషరు వంశావళులను కూడి, సృష్టి క్రీస్తుపూర్వము 4004లో జరిగెనని ప్రకటించెను. తరువాత ఇంగ్లీషు బైబిలు అంచులలో ఆ సంవత్సరములను అచ్చువేసిరి. అచ్చులో నున్నది గనుక జనులు దానినికూడ వాక్యమే అనుకొనిరి. అక్షరమును కాపాడుదుమని బయలుదేరినవారు అంచును కాపాడుట క్రొత్త సంగతి కాదు.

ఈ తగవుకూడ క్రొత్తది కాదు. అయిదవ శతాబ్దపు ఆరంభములో ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు అధ్యక్షుడైన అగస్టీను ఆదికాండమునకు అక్షరార్థ వ్యాఖ్యానమే వ్రాసెను. సూర్యుడు నాలుగవ దినమున గదా కలిగెను, మొదటి మూడు దినములు ఎట్టివని ఆయనకే సందేహము కలిగినది. ఆకాశమును గూర్చియు నక్షత్రములను గూర్చియు తెలియని మాటలు లేఖనముపేరట చెప్పి అవిశ్వాసులచేత నవ్వించుకొనవద్దని ఆయన క్రైస్తవులను హెచ్చరించెను. జాన్ కాల్విను 1554లో అచ్చయిన తన ఆదికాండ వ్యాఖ్యానములో, చంద్రునికంటె శనిగ్రహము పెద్దదని ఖగోళశాస్త్రజ్ఞులు చూపుదురని ఒప్పుకొని, మోషే సామాన్యుల కంటికి కనబడునట్లు వ్రాసెనని వివరించెను. డార్విను పుట్టుటకు చాల పూర్వము వీరు ఇట్లు వ్రాసిరని గమనింపుడు.

గత శతాబ్దములో అమెరికాలో ఇది కోర్టుకెక్కినది. 1925లో టెన్నెస్సీ రాష్ట్రపు డేటన్ అను చిన్న ఊరిలో, పరిణామవాదమును బడిలో బోధించెనని జాన్ స్కోప్సు అను ఉపాధ్యాయునికి నూరు డాలర్లు జరిమానా విధించిరి. బైబిలు పక్షమున వాదించిన విలియం జెన్నింగ్సు బ్రయను గొప్ప వక్త. ఎదుటి వకీలు ఆయనను సాక్షిగా నిలిపి ప్రశ్నింపగా, సృష్టి దినములు ఇరువదినాలుగు గంటల దినములు కాకపోవచ్చునని ఆయనయే ఒప్పుకొనెను. ఆ వ్యాజ్యెమును తలంచుకొని ఇరుపక్షములవారును నేటికిని ఒకరినొకరు దెప్పుకొందురు గాని ఈ మాట మాత్రము ఇరువురును మరతురు. తుదకు 1978లో చికాగోలో సువార్తిక నాయకులు రెండువందలమందికి పైగా కూడి, లేఖనము తప్పులేనిదని ప్రకటించినప్పుడుకూడ, ఆయా భాగముల రచనారీతిని బట్టి అర్థము చెప్పవలెననియు, గుండు లెక్కలును ఒక సంగతిని వేర్వేరు వరుసలలో చెప్పుటయు తప్పులు కావనియు అందులోనే వ్రాసిరి.

మన తెలుగు బైబిలు సంగతిని చూడుడు. 1805లో లండను మిషనువారైన జార్జి క్రాను, అగస్టసు డే గ్రాంజి అను ఇద్దరు విశాఖపట్టణమునకు వచ్చిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై తర్జుమాలో సాయపడెను. మిషనరీలిద్దరును అయిదారేండ్లలోనే గతించిరి. వారి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. సంపూర్ణ తెలుగు బైబిలు 1854లో గాని వెలువడలేదు. దాని వెనుకను, తరువాత జరిగిన సవరణల వెనుకను, ఒక్కొక్క మాటకొరకు పడిన పాటు ఎంతయో ఉన్నది. ఉదాహరణమునకు, 16వ కీర్తన 7వ వచనములో రాత్రివేళ తనకు బోధించునది అంతరింద్రియము అని దావీదు చెప్పినట్లు మన బైబిలులో ఉన్నది గదా. హెబ్రీ భాషలో అచ్చట నున్న మాటకు అక్షరార్థము మూత్రపిండములు! లేవీయకాండము 3వ అధ్యాయములో బలిపశువును కోయునప్పుడు అదే మాటను మన అనువాదకులు మూత్రగ్రంథులు అని వ్రాసిరి. కీర్తనలో మాత్రము మార్చిరి. ఏలయనగా మూత్రపిండములు తనకు బోధించినవని తెలుగువాడు చదివినయెడల ప్రార్థన మాని నవ్వును. ప్రకటన 7వ అధ్యాయములో భూమికి నాలుగు మూలలున్నట్లు గ్రీకులో ఉన్నది. మనవారు నాలుగు దిక్కులు అని వ్రాసిరి. అనగా, అక్షరమును మాత్రమే నమ్ముదునను తెలుగు విశ్వాసి, ఆత్మను ఎరిగి అక్షరమును దిద్దిన పెద్దల చేతి అన్నమునే తినుచున్నాడు.

ఇక ఆవగింజ మాట. అన్ని విత్తనములలో అది చిన్నదని ప్రభువు చెప్పిన ఉపమానమును చదువునప్పుడు, పెరటిలో తోటకూర చల్లిన ఏ తల్లియు ప్రభువును తప్పుపట్టలేదు. తోటకూర గింజ అంతకన్న సన్నమని ఆమెకు తెలియును. పొగాకు రైతుకు మరియు బాగుగా తెలియును. ఆయన విత్తనముల పాఠము చెప్పుటలేదని వారికి వేదాంత కళాశాలకు వెళ్లకుండనే తెలిసినది.

వేదాంత కళాశాల మాట వచ్చినది గనుక నా సంగతికూడ చెప్పవలెను. నేను చదువు ముగించి మొదటి సంఘమునకు వెళ్లినప్పుడు, నేర్చుకొన్నదంతయు ఒక్క నెలలో కుమ్మరింపవలెనని తొందరపడితిని. యోనా గ్రంథము చరిత్ర కాకపోవచ్చు, ఉపమానము కావచ్చునని ఒక రాత్రి కూటములో అరగంట చెప్పితిని. కూటము ముగియగానే ఒక వృద్ధురాలు కఱ్ఱ పట్టుకొని నాయొద్దకు వచ్చి, "చేప సంగతి ఉండనియ్యి అయ్యగారూ. నీనెవె వాళ్లు మారిండ్రా లేదా?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. నీనెవె వారిని గూర్చి నేను ఒక్క మాటయు చెప్పలేదు మరి.

కాబట్టి అక్షరార్థమును హేళనచేయువారితోను నేను చేరను. సమాధి ఖాళీ అయినది ఉపమానము కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయములో తన బోధనంతయు ఆ జరిగినదాని మీదనే నిలిపి, చూచినవారిని పేళ్లతోను లెక్కతోను చెప్పెను. అచ్చట 'అది భావార్థము' అనువాడు పౌలును చదువుటలేదు. ఇంతవరకు పెద్దగారును నేనును ఏకమే.

పెద్దల సభ కూడినది. ఆయన మరల అదే మాట చెప్పిరి. వ్రాసియున్నది వ్రాసియున్నట్లే. నేను, "అట్లయిన మంచిది; మన సంఘములో అక్షరాల నెరవేర్చుచున్నవి యేవో చెప్పుకొందము" అంటిని. స్త్రీలు ముసుగు వేసికొనుట, సభలో మాటలాడకుండుట, బంగారము మానుట అని ఒకరి వెనుక ఒకరు చెప్పిరి. ఇవి మంచివో కావో నేనిక్కడ వాదింపను. అయితే అన్నియు స్త్రీలు మోయవలసినవే యని గమనించితిని. రెండు అంగీలు గలవాడు లేనివానికి ఒకటి ఇయ్యవలెనన్నదో? అది ఉదారబుద్ధిని గూర్చి అనిరి. ఒకరి పాదములు ఒకరు కడుగవలెనన్నదో? అది వినయమును గూర్చి. పేద సహోదరునియొద్ద వడ్డి తీసికొనకూడదన్నదో? ఒకరు దగ్గిరి; అది ఇశ్రాయేలీయులకు. భూమిని శాశ్వతముగా విక్రయింపకూడదు, భూమి దేవునిదని లేవీయకాండము 25వ అధ్యాయములో ఉన్నదే, అదియో? అందరును ఒక్కసారి నవ్విరి. నేనును నవ్వితిని. మా ప్రక్కననే కోకాపేటలో 2023 ఆగస్టున ప్రభుత్వము వేలము వేయగా ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. ఆ నేలమీద కూర్చుండి ఎవడు ఆ వచనమును అక్షరాల చదువగలడు?

నవ్వు ఆగినతరువాత నాకు ఒక ముఖము జ్ఞాపకము వచ్చినది. ఆ ముఖము పెద్దగారి చెల్లెలిది. ఈ సంగతి వ్రాయుటకు ఆమెయొద్ద సెలవు పుచ్చుకొంటిని. పెద్దగారికిని ముందే చెప్పితిని. ఆయన ఈ పత్రికకు పాత చందాదారులు, తప్పక చదువుదురు.

వారి తండ్రి వీలునామా వ్రాయకయే ప్రభువునందు నిద్రించెను. రాత్రిబడిలో అక్షరములు నేర్చినవాడే ఆయన, తరువాత చెమటోడ్చి కొన్న నేల కొంత విడిచిపోయెను. వలయ రహదారి వచ్చినతరువాత కుమారుడు దానిని విక్రయించెను. చెల్లెలు విధవరాలు, చేవెళ్ల వైపు ఒక పల్లెలో రెండు గేదెలతో కాలము గడుపుచున్నది. రిజిస్ట్రేషను నాడు ఆమెను పిలిపించి, సంతకము పెట్టించుకొని, ఒక పట్టుచీరయు ఇరువదియైదు వేల రూపాయలును చేతిలో పెట్టిరి. మన ప్రాంతములో దీనికి పసుపుకుంకుమల క్రింద ఇచ్చుట అని పేరు. బొట్టు విషయమై క్రొత్తకోడళ్లను నిలిపి ప్రశ్నించు మన సంఘములు ఈ పసుపుకుంకుమలను మాత్రము ఏనాడును ప్రశ్నింపలేదు. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో కుమారునికిని కుమార్తెకును సమభాగమని 1925 నాటి భారతీయ వారసత్వ చట్టము చెప్పుచున్నది; ఆ సంగతి ఆమెకు తెలియదు. నాకు తెలియును. నేను చెప్పలేదు.

ఏల చెప్పలేదనగా, ఆ విక్రయము జరిగిన యేడే మా మందిరమునకు నేలబండలు పరచిరి. ఆ ఖర్చంతయు పెద్దగారిదే. ప్రతిష్ఠ దినమున ఆయనకు శాలువ కప్పినది నేనే.

మరుసటి యేడు స్త్రీల ఆదివారమున నేను సంఖ్యాకాండము 27వ అధ్యాయమునుండి ప్రసంగించితిని. మీరెరిగిన కథయే. సెలోపెహాదు అనువాడు అరణ్యములో చనిపోయెను. వానికి కుమారులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు కుమార్తెలు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు ఎదుటను, సర్వసమాజము ఎదుటను నిలువబడి, తండ్రి సహోదరులతోపాటు తమకును స్వాస్థ్యము కావలెనని అడిగిరి. నేను ఆ స్వాస్థ్యమును పరలోకమునకు ఎత్తితిని. భూమి అనగా ఆత్మీయ ఆశీర్వాదము, అయిదుగురు కన్యకలనగా అయిదు సుగుణములు, అట్లట్లు చక్కగా కుదిరినది. ఆ దినమున చెల్లెలు అన్నగారి యింటికి చుట్టపుచూపుగా వచ్చి, వెనుకవైపు గోడనానుకొని కూర్చుండెను. ఆరాధన ముగిసినతరువాత అందరును వెళ్లువరకు ఆగి, "అయ్యగారూ, ఆ అయిదుగురు ఆడపిల్లలకు భూమి నిజంగ ఇచ్చిండ్రా, లేక పరలోకంలోనేనా?" అని అడిగెను.

"నిజముగానే ఇచ్చిరమ్మా" అంటిని. ఆమె తల ఊపి, చెప్పులు వేసికొని వెళ్లిపోయెను.

సభలో నేను నవ్విన నవ్వు అప్పుడు నాకు చేదైనది. ఆరు దినములను గూర్చి సందేహించిన యౌవనునివలన ఎవనికి ఏ నష్టము కలిగినది? ఎకరములను సుగుణములుగా మార్చిన నావలన ఒక విధవరాలు తన భాగమును పోగొట్టుకొనెను. అక్షరమును విడిచినవాడు అతడా, నేనా? మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను అను ఆచారమును గూర్చి శాస్త్రులను గద్దించిన సంగతి మీకు తెలియును. తలిదండ్రులకు చెందవలసినదానిని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారిని ఆయన అక్షరముతోనే కొట్టెను. తండ్రిని తల్లిని సన్మానింపుమను ఆజ్ఞ వ్రాసియున్నట్లే నిలుచునని చెప్పెను. అచ్చట భావార్థము చెప్పినవారు పరిసయ్యులు. మా మందిరపు నేలబండలమీద నడుచునప్పుడెల్ల ఈ అధ్యాయము నా కాళ్లకు తగులుచున్నది.

సభ ముగిసిన రెండు దినములకు పెద్దగారి యింటికి వెళ్లి, మొదట నా తప్పు ఒప్పుకొని, తరువాత ఆ భాగమును ఆయన ముందు తెరచితిని. ఆయన తడబడలేదు. "అయ్యగారూ, బాగుగా చదవండి. సెలోపెహాదుకు కుమారులు లేరు. కుమారులు లేనప్పుడే కుమార్తెలకు అని వ్రాసి ఉన్నది. మా నాయనకు నేనున్నాను గదా" అనిరి.

ఆయన చెప్పినది నిజము. అక్షరము ఆయన పక్షముననే ఉన్నది. నేను యోబు గ్రంథపు చివరి అధ్యాయము చూపి, ఏడుగురు కుమారులుండగనే యోబు తన ముగ్గురు కుమార్తెలకు వారి సహోదరులతోపాటు స్వాస్థ్యమిచ్చెనంటిని. "అది జరిగిన సంగతి గాని ఆజ్ఞ కాదు" అనిరి. అదియు నిజమే. ఇట్టి వ్యాజ్యెములో ఆయనను గెలుచు వకీలు పుట్టలేదు.

ఇంటికి వచ్చి ఆ రాత్రి మరల ఆ అధ్యాయమును చదివితిని. అప్పుడు ఇన్నేండ్లుగా కంటికి ఆననిది ఒకటి కనబడెను. ఆ అయిదుగురు వచ్చిననాటికి ధర్మశాస్త్రములో వారికొరకు ఏ మాటయు లేదు. అక్షరము ప్రకారము వారు వట్టి చేతులతో పోవలసినదే. మోషే వారితో, వ్రాసియున్నది ఇంతేనని చెప్పి పంపివేయవచ్చును. దేవుని నోటనుండి విన్నవాడు ఆయనకంటె ఎవడు? ఆయన అట్లు చేయలేదు. వారి వ్యాజ్యెమును యెహోవా సన్నిధికి తీసికొనిపోయెను. ఆ స్త్రీలు చెప్పినది సరియేనని దేవుడు తీర్పుచెప్పెను. వారు అడిగినందున అక్షరము పెరిగినది. 36వ అధ్యాయములో మరికొందరు వచ్చి మరియొక చిక్కు చెప్పగా ఆ తీర్పునకు ఇంకొక మాట చేర్చబడినది. దేవుని వాక్యమును ఇంత భయభక్తులతో చదివినవాడు, అది ఎవరిని బయట నిలిపినదో వారిని లోనికి రానిచ్చి, వారి యెదుట చదివెను. పెద్దగారును నేనును వాదించుచున్నప్పుడు ఆ గదిలో ఆయన చెల్లెలు లేదు.

ఇట్లు లేనివారి వీపుమీద చదివిన చదువు లోకమందు చాల ఉన్నది. అమెరికాలో దాసులను ఉంచుకొన్న క్రైస్తవులు లేఖనము నెరుగనివారు కారు. దాసులు యజమానులకు లోబడవలెనని పౌలు వ్రాసిన మాటను అక్షరాల చూపుచుండిరి. దాసుడు మాత్రము వారి బైబిలు తరగతిలో వాదింపలేదు. దాసులుగలవారిని మిషనరీలుగా పంపవచ్చునా అను తగవుమీద 1845లో అక్కడి బాప్టిస్టులు రెండుగా చీలిరి. దక్షిణ భాగపువారు ఆ పాపమును ఒప్పుకొని క్షమాపణ చెప్పుటకు 1995 వరకు పట్టినది. నూట యేబది యేండ్లు! అంతకాలమును వారు ప్రతి ఆదివారము బైబిలు చదువుచునే యుండిరి.

దీనికి మారుగా మన తెలుగు దేశములో జరిగినది ఒకటి చెప్పెదను. 1866లో ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ దొరయొద్దకు మొదట అగ్రవర్ణములవారు ఆసక్తితో వచ్చుచుండిరి. అంతలో పల్లెలనుండి మాదిగవారు బాప్తిస్మమునకు రాజొచ్చిరి. వారిని చేర్చుకొన్నయెడల తాము రామని పెద్దలు స్పష్టముగా చెప్పిరి. దొరకు ఏమి చేయుటయు తోచక, తన గదిలో బైబిలు తెరువగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 1వ అధ్యాయపు చివరి భాగము కనబడెను. లోకములో గొప్పవారిని గాక ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని అచ్చట ఉన్నది. వేరొక గదిలో నున్న ఆయన భార్యకును అదే భాగము తగిలినదని ఒంగోలు సంఘములలో నేటికిని చెప్పుకొందురు. పుట తెరువగా వచ్చిన వచనమును గురుతుగా ఎంచుకొనుమని నేను ఎవరికిని చెప్పను. అది వేరొక ప్రమాదము. నాకు ముఖ్యముగా తోచునది ఏదనగా, ఆ మాటకు చక్కని ఆత్మీయార్థము చెప్పుకొని, రెండు వర్ణములవారిని రెండు వాకిండ్లనుండి పిలుచుట ఆయనకు కష్టము కాదు. ఆయన దానిని వ్రాసియున్నట్లే తీసికొనెను. వెల తానే చెల్లించెను, గొప్పవారు తొలగిపోయిరి. కరవు నడుమ 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరన్న సంగతి ఆ తరువాత వచ్చినది. అది వచ్చునని ఆయనకు అప్పుడు తెలియదు.

యెహోషువ గ్రంథము 17వ అధ్యాయము 3, 4 వచనములనుకూడ మీరు చదువుడు. యొర్దాను దాటి దేశమును పంచుకొనునప్పుడు ఆ అయిదుగురు స్త్రీలు మరల పెద్దల యెదుటికి రావలసివచ్చెను. దేవుడు తీర్పుచెప్పి, మోషే వ్రాసి, అంతయు ముగిసినతరువాతకూడ, వారు మరల నోరు తెరచి జ్ఞాపకము చేయవలసివచ్చినది. వ్రాసియున్నదంతమాత్రమున చేతికి రాలేదు.

సండేస్కూలు యౌవనుడు తన పని చేయుచునే యున్నాడు. అతనితో నేనును మాటలాడితిని. బండ వయస్సు చెప్పుటలో తప్పులేదు గాని, ఆ పిల్లవాడు ఇంటికి పోయి తాతగారితో ఏమి చెప్పునో తలంపవలసినదంటిని. అతడు ఒప్పుకొని, పెద్దగారియొద్దకు తానే వెళ్లెను. ఇద్దరును ఏమి మాటలాడుకొనిరో నాకు చెప్పలేదు. వచ్చిన ఆదివారము మనుమడు తరగతికి వచ్చెను.

ఈ యేటి స్త్రీల ఆదివారమున మరల సంఖ్యాకాండము 27వ అధ్యాయమే తీసికొంటిని. మొదటనే, దీనిమీద గతములో నేను చేసిన ప్రసంగము తప్పని సంఘము ఎదుట చెప్పి, భూమి అనగా భూమియే యని వివరించితిని. చట్టము సంగతికూడ పీఠమునుండియే చెప్పితిని. కొందరి ముఖములు మాడినవి. స్త్రీలవైపున మాత్రము చాల నిశ్శబ్దముగా నుండెను. చెల్లెలు ఆ దినమున రాలేదు. గేదె ఈనినదని కబురు చేసెను. ఆ సాయంకాలమే నేను బస్సెక్కి ఆమె పల్లెకు వెళ్లి, చట్టములో నున్నది ఉన్నట్లు చెప్పి వచ్చితిని. ఏమి చేయునది ఆమె ఇంకను తేల్చలేదు.

పెద్దగారు ఎప్పటివలెనే కిటికీ ప్రక్కను కూర్చుండిరి. ఆరాధన ముగిసినతరువాత నాయొద్దకు వచ్చి కరచాలనము చేసి, కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, యెహోషువ పదిహేడు అన్నారు. ఎన్నవ వచనము?" అని అడిగిరి.

"మూడు, నాలుగు" అంటిని.

ఆయన జేబులోనుండి కలము తీసి, కానుక కవరు వెనుక వ్రాసికొనిరి.